మ్యాప్ మూసేసినా దారి గుర్తుండే గేమ్ ఏది? కొనేముందు ఒక పోలిక

మా ఊళ్లో బస్టాండ్ వెనక సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. గంటకి పదిహేను రూపాయలు. ఇంటర్ రోజుల్లో సాయంత్రమైతే చాలు, అక్కడ వైస్ సిటీ కోసం వంతులేసుకుని కూర్చునేవాళ్లం. 2002లో వచ్చిన గేమ్ అది, మా దాకా వచ్చేసరికి ఇంకో మూడు నాలుగేళ్లు పట్టింది. మొన్న సంక్రాంతి సెలవుల్లో దాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. ఓషన్ వ్యూ హోటల్ నుంచి రోడ్డు మీదకి రాగానే, నేను ఆలోచించకముందే బండి ఎడమకి తిరిగింది. ఎదురుగా బీచ్. ఎడమకి పోతే మాలిబు క్లబ్, కుడికి చివరిదాకా పోతే లైట్‌హౌస్. ఇన్నేళ్ల తర్వాత కూడా వేళ్లకి దారి తెలుసు.

అదే, రెండేళ్ల కిందట దగ్గర దగ్గర వంద గంటలు ఆడిన ఎటైనా తిరగగలిగే ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌లో ఇవాళ ఒక్క మలుపు కూడా చెప్పలేను. గ్రాఫిక్స్ చూస్తే కళ్లు చెదిరేవి. కానీ ఆ వంద గంటలూ నా చూపు తెర మూలన ఉన్న మినీమ్యాప్ గీత మీదే ఉండిపోయింది.

వైస్ సిటీలో మొదట ఒక్క దీవే మనది. తుఫాను హెచ్చరిక పేరుతో అవతలి దీవికి వంతెనలు మూసేసి ఉంటాయి. అందుకే ఉన్న నాలుగు రోడ్లూ మన వీధిలా అలవాటైపోయేవి. ఒక చోటు మనసులో నిలబడాలంటే అది అందంగా ఉంటే సరిపోదు, దాన్ని మన కాళ్లతో మనం నేర్చుకోవాలి. గేమ్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. బొమ్మ ఎంత బాగుందన్నది రెండోది, మ్యాప్ ఎన్ని కిలోమీటర్లన్నది ఆఖరిది.

మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. సేల్ రాగానే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఒక గేమ్ కొందామనుకుంటున్నా. ఊరికే కాల్చుకోవడం, కొట్టుకోవడం కాదు, తిరగడానికి ఒక మంచి చోటు ఉండాలి. ఏది కొనమంటావ్?" ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

లోర్డ్రన్: లిఫ్ట్ ఆగిన చోట

ముందుగా డార్క్ సోల్స్, ఇందులోని లోకం పేరే లోర్డ్రన్. జపాన్‌కి చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో తెచ్చింది, దర్శకుడు హిడెటాకా మియాజాకి. ఇప్పుడు కొనేవాళ్లు 2018లో వచ్చిన రీమాస్టర్డ్ తీసుకోవాలి. ఈ గేమ్ పేరెత్తగానే అందరూ కష్టం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఒక లిఫ్ట్ గుర్తొస్తుంది.

మొదట ఒక చెరసాల దాటాక, అసలు ఆట ఫైర్‌లింక్ ష్రైన్ అనే పాడుబడ్డ గుడి దగ్గర మొదలవుతుంది. మధ్యలో చలిమంట, పక్కన ఆశ వదిలేసుకుని కూర్చున్న ఒక సైనికుడు, చుట్టూ గడ్డి మొలిచిన రాళ్లు. అక్కడినుంచి కొండ మెట్లెక్కి, నీటి కాలువ దాటి, అన్‌డెడ్ బర్గ్ అనే కోట పేటలోకి వెళ్తాం. మేడల మీదనుంచి మంట కుండలు విసిరేవాళ్లు ఉంటారు. గోడ మీద ఎద్దు తలతో ఒక భూతం దూకుతుంది. దాన్ని గెలిచి వంతెన మీద కాలు పెడితే ఎర్ర డ్రాగన్ నిప్పు కక్కుతుంది. ఇనప తొడుగు వేసుకున్న అడవి పంది, ఆ తర్వాత చర్చి. నాకైతే ఇదంతా మూడు సాయంత్రాలు పట్టింది. ప్రతి అడుగూ భయం, ఇంటికి ఎంత దూరం వచ్చేశానో అన్న బెంగ.

చర్చి పక్కన ఒక చిన్న లిఫ్ట్ ఉంటుంది. నడిమధ్య ఉన్న పలక మీద కాలు పెడితే కదులుతుంది. అది కిందికి దిగుతూనే ఉంది. ఇంకేం భూతం కాచుకుని ఉందో అని డాలు ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. ఆగింది. నాలుగడుగులు వేశాను. అదే చలిమంట, అదే సైనికుడు. మూడు రోజులు ఎక్కుతూ పోయింది నా ఇంటి నెత్తిమీదకే! దూరమనుకున్నది ఒక్కసారిగా ఇరుగుపొరుగు అయిపోయింది. ఆ క్షణంలో లోర్డ్రన్ మొత్తం నా బుర్రలో ఒకటిగా అతుక్కుంది.

ఇది యాదృచ్ఛికంగా జరిగిన పని కాదు. ఈ గేమ్‌లో ఒక చోటినుంచి ఇంకో చోటికి ఎగిరిపోయే ఫాస్ట్ ట్రావెల్ మొదటి సగంలో అసలు ఇవ్వరు. అనోర్ లోండో అనే నగరం చేరి, లార్డ్‌వెసెల్ అనే గిన్నె చేతికొచ్చాకే అది వస్తుంది. అప్పటిదాకా ఎక్కడికైనా నడవాల్సిందే. నడవక తప్పదు కాబట్టే దారుల్ని అంత శ్రద్ధగా కలిపారు. టూంబ్ ఆఫ్ ది జెయింట్స్ అనే చోట అంచున నిలబడితే చీకట్లో దూరంగా లావా ఎర్రగా కనిపిస్తుంది. అది ఊరికే గీసిన బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ కాదు, మనం వెళ్లగలిగే డీమన్ రూయిన్స్ అనే ఇంకో ప్రాంతం.

అనోర్ లోండో గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. బ్లైట్‌టౌన్ బురద, విషం, ఉచ్చుల కోట అన్నీ దాటాక, రెక్కల భూతాలు మనల్ని ఎత్తుకెళ్లి ఒక పెద్ద గోడ మీద దింపుతాయి. కళ్ల ముందు సాయంకాలపు బంగారు ఎండలో దేవతల నగరం. అన్ని గంటల మురికి చూశాం కాబట్టే ఆ ఎండ అంత హాయిగా తగులుతుంది. ఆ ఎండ వెనక ఒక రహస్యం ఉంది, అది మాత్రం మీరే తెలుసుకోవాలి.

లోపాలు కూడా చెప్పాలి. రెండో సగంలో ఈ పనితనం తగ్గిపోతుంది. లాస్ట్ ఇజలిత్ అనే ప్రాంతం దగ్గరికొచ్చేసరికి తొందరలో ముగించినట్టు తెలిసిపోతుంది. ఇంకా ముఖ్యంగా, చచ్చి చచ్చి నేర్చుకునే ఓపిక లేకపోతే ఆ లిఫ్ట్ దాకానే చేరలేరు. ఆఫీసునుంచి అలసిపోయి వచ్చి, పడుకునే ముందు అరగంట ఆడుకుందామనుకునేవాళ్లకి ఇది సరిపడదు. నలభై యాభై గంటలు పెట్టగలిగితేనే కొనండి.

కన్నీళ్ల నగరం: పైనుంచి కారే చెరువు

హాలో నైట్ 2017లో వచ్చింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టీమ్ చెర్రీ అనే చాలా చిన్న బృందం, కిక్‌స్టార్టర్‌లో జనం ఇచ్చిన డబ్బుతో మొదలుపెట్టి తయారుచేసింది. అంతా చేత్తో గీసిన రెండు కొలతల బొమ్మే. హాలోనెస్ట్ అనే పురుగుల రాజ్యం భూమి లోపల పాడుబడి ఉంటుంది, మనం ఒక చిన్న పురుగుగా అందులోకి దిగుతాం.

ఇందులో మ్యాప్ ఊరికే రాదు. కొత్త ప్రాంతంలో అడుగుపెట్టినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఎక్కడో కార్నిఫర్ అనే మ్యాప్‌లు గీసే పురుగు కూర్చుని తనలో తాను రాగం తీసుకుంటూ ఉంటాడు. నేలమీద కాగితాలు చెల్లాచెదురుగా కనిపిస్తే అతను దగ్గర్లోనే ఉన్నట్టు. ఆ రాగం వింటూ వెతుక్కుంటూ వెళ్లి, డబ్బిచ్చి మ్యాప్ కొనాలి. అదీ సగం గీసిందే. మిగతాది మనం తిరిగి చూసి, బెంచీ మీద కూర్చున్నప్పుడే పూర్తవుతుంది, దానికి ఈక కలం ముందే కొనుక్కుని ఉండాలి. ఆ మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో చూపించడానికి కూడా దిక్సూచి తాయెత్తు విడిగా కొనుక్కోవాలి! చిరాకుగా అనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ రెండో రోజుకల్లా మ్యాప్ చూడకుండా తిరగడం అలవాటవుతుంది.

ఇక కన్నీళ్ల నగరం, సిటీ ఆఫ్ టియర్స్. పుట్టగొడుగుల ప్రాంతం దాటి, ఒక విగ్రహానికి ముద్ర పెడితే పెద్ద తలుపు తెరుచుకుంటుంది. లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు పడిపోతుంది. అక్కడంతా వాన. నీలం రంగు, పొడవాటి బురుజులు, అద్దాల మీద జారే నీళ్లు. కిటికీ దగ్గర క్విరెల్ అనే బాటసారి వానని చూస్తూ కూర్చుని ఉంటాడు. మనమూ పక్కన కూర్చోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గమనించండి, మేడ లోపలికి వెళ్తే వాన చప్పుడు మందగిస్తుంది, బయటికి వస్తే మళ్లీ విప్పుకుంటుంది. పిట్టగోడ మీద పడే వానకీ, రేకు మీద పడే వానకీ తేడా తెలిసిన మనకి ఆ శబ్దం వెంటనే పట్టేస్తుంది.

భూమి లోపల వాన ఏమిటి? మొదట్లో అదేదో మాయ అనుకున్నాను. చాలా గంటల తర్వాత, పైన ఎక్కడో బ్లూ లేక్ అనే నిశ్శబ్దమైన చెరువు దగ్గరికి చేరాను. శత్రువులు లేరు, పని లేదు, నీళ్లు మాత్రమే. మ్యాప్ తెరిచి చూశాను. ఆ చెరువు సరిగ్గా నగరం నెత్తిమీద ఉంది. అడుగు కారుతోంది! ఆ నగరం మీద పడే వాన ఈ నీళ్లే. దీన్ని ఎవరూ తీరిగ్గా వివరించి చెప్పరు, మ్యాప్‌లో ఒకదాని కింద ఒకటి పెట్టి వదిలేశారు. డార్క్ సోల్స్ లిఫ్ట్ ఇచ్చిన ఆనందమే ఇదీ, కాకపోతే ఇక్కడ అది నెమ్మదిగా, కాస్త దిగులుగా వస్తుంది.

ఈ రెండింట్లో ఏది? బాస్‌ల, అంటే దారికి అడ్డం నిలబడే పెద్ద శత్రువుల, కష్టంలో హాలో నైట్ కూడా తక్కువేం కాదు, ఆ విషయంలో ఎవరినీ మభ్యపెట్టను. కానీ గ్రాఫిక్స్ కార్డ్ లేని ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, డిస్క్‌లో పది జీబీ లోపే తీసుకుంటుంది, ధర కూడా చాలా తక్కువ. ఆట ఆపి మళ్లీ అక్కడినుంచే మొదలుపెట్టే బెంచీలు ఉన్నాయి కాబట్టి అరగంట ఆడి ఆపేసినా నష్టం లేదు. మొదటిసారి ఇలాంటి లోకంలోకి దిగేవాళ్లకి నా సలహా హాలో నైట్. అది పూర్తిచేశాక, ఇంకా ఆకలి ఉంటే డార్క్ సోల్స్. 2025 సెప్టెంబరులో హాలో నైట్‌కి తరువాయిగా సిల్క్‌సాంగ్ వచ్చింది. అది ఇంకా కఠినం, దానితో మొదలుపెట్టకండి.

లోర్డ్రన్ లాంటి ఆశ్చర్యం కావాలి, కానీ ఇరుకు దారుల్లో ఒకే భూతం దగ్గర ఇరుక్కుపోవడం ఇష్టం లేదనుకుంటే ఫ్రమ్‌సాఫ్ట్‌వేరే 2022లో చేసిన ఎల్డెన్ రింగ్ ఉంది. ఒక చోట కష్టమైతే గుర్రమెక్కి ఇంకో వైపు వెళ్లిపోవచ్చు. మిస్ట్‌వుడ్ అడవిలో ఒక బావి లాంటి కట్టడంలో లిఫ్ట్ ఎక్కి చూడండి. ఇక ఆగదేమో అన్నంతసేపు దిగి, సియోఫ్రా నది దగ్గర బయటికి వస్తే భూమి అడుగున నక్షత్రాల ఆకాశం. కానీ అంత పెద్ద మ్యాప్‌లో దారులన్నీ గుర్తుపెట్టుకోవడం మాత్రం నా వల్ల కాలేదు.

రాప్చర్: గోడలు మాట్లాడే ఊరు

మీకు దారులు నేర్చుకోవడం మీద కాకుండా, ఒక చోటు ఎందుకు పాడైపోయిందో తెలుసుకోవడం మీద ఆసక్తి ఉందా? అయితే బయోషాక్. 2007లో వచ్చింది, కెన్ లెవిన్ దర్శకత్వం. పన్నెండు గంటల్లో అయిపోతుంది.

1960లో అట్లాంటిక్ మధ్యలో విమానం కూలిపోతుంది. మంటల మధ్య ఈదుకుంటూ వెళ్తే ఒక లైట్‌హౌస్. లోపల గుండ్రటి జలవాహనంలో కూర్చుని మీట లాగితే అది కిందికి దిగుతుంది. ఒక చిన్న తెర మీద ఆండ్రూ ర్యాన్ అనే కోటీశ్వరుడు తన ఆశయం గురించి ఉపన్యాసం ఇస్తాడు. రాజులు, దేవుళ్లు, ప్రభుత్వాలు లేని ఊరు కట్టానంటాడు. తెర పక్కకి తొలగగానే సముద్రం అడుగున నియాన్ బోర్డులతో ఆకాశహర్మ్యాలు, వాటి మధ్య ఈదుతూ ఒక తిమింగలం. 1946లో మొదలైన రాప్చర్ అది. ఆర్ట్ డెకో అనే ఆ కాలపు శైలిలో ఇత్తడి అంచులు, సూర్యకిరణాల లాంటి గీతలు, ఎత్తైన తలుపులు.

బయటినుంచి అంత వైభవం. లోపల అడుగుపెడితే పైకప్పు కారుతుంటుంది, సూట్‌కేసులు పడి ఉంటాయి, న్యూ ఇయర్ పార్టీ తోరణాలు నీళ్లలో తడుస్తుంటాయి. ఏం జరిగిందో గదిలో వస్తువుల్ని బట్టి మనమే ఊహించుకోవాలి. రాప్చర్‌లో దారి గుర్తుండదు, లెవెల్ తర్వాత లెవెల్‌గా సాగిపోతుంది. కానీ గదులు గుర్తుంటాయి. ఫోర్ట్ ఫ్రాలిక్ అనే వినోదాల పేటలో తెల్లటి ప్లాస్టర్ విగ్రహాలు ఉంటాయి, వాటి సంగతి ఆడినవాళ్లెవరూ మర్చిపోరు. భయపెట్టే ఆటలు సరిపడనివాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలు పక్కన కూర్చుని చూసేవాళ్లు దీనికి దూరంగా ఉండటమే మంచిది.

పెద్ద భూములు: మూడింట్లో ఏది?

ఎక్కువమంది అడిగేది వీటి గురించే. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, విచర్ 3, ఘోస్ట్ ఆఫ్ సుషిమా. మూడూ అందమైనవే, కానీ మూడింటి అందం మూడు రకాలు.

రెడ్ డెడ్ 2 (2018, పీసీలో 2019) నేలని నమ్ముకున్న గేమ్. 1899 నాటి అమెరికా. వాలెంటైన్ అనే పశువుల ఊళ్లో వాన పడ్డాక నడిస్తే బురదలో బూటు కూరుకుపోతుంది. బండి చక్రాల గాడి పడుతుంది. మన ఊళ్లో తొలకరికి మట్టిరోడ్డు ఎలా ఉంటుందో అలాగే. న్యూ ఆర్లియన్స్‌ని చూసి చేసిన సెయింట్ డెనిస్ నగరానికి మొదటిసారి గుర్రం మీద వెళ్లినప్పుడు, ముందు బురద నీళ్లు, మొసళ్లు, తర్వాత ఫ్యాక్టరీ పొగ, ఆ తర్వాత ట్రామ్ గంట. కొండల్లో అన్ని గంటలు గడిపిన మనకి కూడా, ఆ గుర్రానికిలాగే, ఊపిరాడనట్టు అనిపిస్తుంది. మొదటి రెండు మూడు గంటలు మంచులో మెల్లగా నడుస్తుంది, అక్కడ విసిగి వదిలేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఓపిక పట్టండి. సెట్టింగ్స్‌లో రాడార్, అంటే మినీమ్యాప్, ఆపేసి ఆడితే ఈ మూడింట్లో దారులు మనసుకి పట్టేది దీంట్లోనే, ఎందుకంటే కొండ, వాగు, రైలు పట్టా అన్నీ ఉండాల్సిన చోట ఉంటాయి. కొనేముందు డిస్క్ చూసుకోండి, 150 జీబీ ఖాళీ కావాలి. మొబైల్ హాట్‌స్పాట్ మీద డౌన్‌లోడ్ చేద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి.

విచర్ 3 (2015) పోలండ్ స్టూడియో సీడీ ప్రాజెక్ట్ రెడ్‌ది. ఇందులో చోటు కన్నా మనుషులు ఎక్కువ గుర్తుంటారు. వెలెన్ అనే ప్రాంతంలోని బురద నేలల్లో ఉరికొయ్యలు, ఆకలి, యుద్ధం. చోటు చూడ్డానికే కొనేవాళ్లు 2016లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్ కూడా కలిపి ఉన్న ప్యాక్ తీసుకోండి. టూసాన్ అనే ద్రాక్షతోటల రాజ్యం అందులోనే ఉంది. వెలెన్ దిగులు తర్వాత టూసాన్ ఎండ, పసుపు పూలు, దూరంగా కొండమీద తెల్లటి కోట. పైగా హీరో గెరాల్ట్‌కి కోర్వో బియాంకో అనే సొంత తోట, ఇల్లు దొరుకుతాయి. ఎప్పుడూ సత్రాల్లో పడుకునే మనిషికి మంచం, గోడమీద తగిలించుకోవడానికి పటాలు! ఆ ఇంటికి తిరిగి రావడంలో ఉన్న సుఖం ఇంకే గేమ్‌లోనూ నాకు కలగలేదు. మినీమ్యాప్ ఆపేస్తే మాత్రం కష్టం, చాలా పనులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

ఘోస్ట్ ఆఫ్ సుషిమా (2020, పీసీలో 2024) 1274లో మంగోలులు జపాన్ దీవి మీద దాడి చేసిన కాలంలో జరుగుతుంది. తెర మీద మినీమ్యాప్ ఉండదు. ఎటు వెళ్లాలో గాలి చూపిస్తుంది, గడ్డి వాలిన వైపు గుర్రాన్ని తోలాలి. ఈ ఆలోచన నాకెంతో నచ్చింది, చూపు ఎప్పుడూ లోకం మీదే ఉంటుంది. బంగారు రంగు ఆకుల అడవి, ఎర్ర పూల పొలాలు, ఎక్కడ ఆపి ఫొటో తీసినా క్యాలెండర్‌లో పెట్టుకోవచ్చు. కానీ సూటిగా చెప్పాలంటే, నాకు రంగులు గుర్తున్నాయి, దారులు గుర్తులేవు. ప్రతి కొండా అంతే అందంగా ఉంటే ఏ కొండా ప్రత్యేకం కాదు. రోజంతా పనిచేసి వచ్చి, బుర్రకి భారం లేకుండా కళ్లకి విశ్రాంతి కావాలనుకునేవాళ్లకి మాత్రం మూడింట్లో ఇదే ముందు.

మన దగ్గరి రాళ్లు

అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ (2017, పీసీలో 2022) కర్ణాటక పడమటి కనుమల్లో జరుగుతుంది. హీరోయిన్ క్లోయీ ఫ్రేజర్ వినాయకుడి దంతం కోసం హొయసల రాజ్యపు శిథిలాల్లో వెతుకుతుంది. బేలూరు, హళేబీడు పేర్లు గేమ్‌లో వినపడతాయి. మొదటిసారి ఆడినప్పుడు ఒళ్లు పులకరించింది. మధ్యలో జీపు ఇచ్చి ఒక పెద్ద లోయలో వదిలేస్తారు. వాగులు దాటుతూ, గోపురాలు ఎక్కుతూ మనకి నచ్చిన క్రమంలో తిరగొచ్చు. ఎనిమిది గంటల గేమ్‌లో నాకు ప్రాణమైనది ఆ భాగమే.

అయితే ఒకటి మనసులో గుచ్చుకుంది. గేమ్‌లో కొండంత విగ్రహాలు, పాతాళం లాంటి లోయలు. నిజమైన హొయసల పనితనం అది కాదు. 1117 నాటి బేలూరు చెన్నకేశవ గుడి దగ్గర నిలబడితే, జానెడు రాయిలో గజ్జె, గొలుసు, వేలి ఉంగరం చెక్కి ఉంటాయి. ఆ అందాన్ని దగ్గరికెళ్లి, వంగి చూడాలి. రామప్ప గుడిలో మదనికల్ని మెడ ఎత్తి చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. గేమ్ ఆ చిన్నదనాన్ని వదిలేసి భారీతనాన్ని పట్టుకుంది. అయినా కొనమనే చెప్తాను, మన నేల, మన దేవుళ్ల కథలు ఇంత ఖర్చుతో తీసిన గేమ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆడాక ఒకసారి హాసన్ వైపు బస్సెక్కి అసలువి చూసి రండి.

ఒక్క ఆదివారమే ఉంటే

జర్నీ (2012) రెండు గంటలు. ఇసుక ఎడారి, దూరంగా వెలుగు చిమ్మే ఒక కొండ. మొదటి నిమిషంనుంచి ఆ కొండ కనిపిస్తూనే ఉంటుంది, అక్కడికి చేరడమే ఆట. మధ్యలో సూర్యాస్తమయం వేళ ఇసుక మీద జారుతూ వెళ్లే ఘట్టం ఉంది, స్తంభాల మధ్యనుంచి పక్కకి బంగారంలా మెరిసే ఇసుక. అమ్మా నాన్నల చేతికి కంట్రోలర్ ఇచ్చి ఆడించడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలీదు. ఓడిపోవడం ఉండదు.

ఫైర్‌వాచ్ (2016) నాలుగైదు గంటలు. 1989 వేసవి, అమెరికాలోని వయోమింగ్ అడవిలో మంటలు కనిపెట్టే బురుజు మీద కాపలా ఉద్యోగం. చేతిలో కాగితం మ్యాప్, దిక్సూచి, వాకీటాకీలో ఒక గొంతు. మ్యాప్ చూడాలంటే మన పాత్ర నిజంగా చేతిలోకి తీసుకుని విప్పుతాడు. ముగింపు కొంతమందికి చప్పగా అనిపిస్తుంది, నాకూ మొదటిసారి అలాగే అనిపించింది. కానీ బురుజునుంచి చెరువుకి వెళ్లే దారి ఇప్పటికీ చెప్పగలను.

కొనేముందు చిన్న విషయాలు

ఏది కొన్నా మొదటి రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మినీమ్యాప్ ఆపడం కుదురుతుందేమో చూడండి. రెండు గంటలు ఇబ్బంది పడతారు, తర్వాత అలవాటవుతుంది. యూట్యూబ్‌లో ముందే మొత్తం చూసేయకండి, ముఖ్యంగా బయోషాక్, డార్క్ సోల్స్ విషయంలో. ఆ లిఫ్ట్ గురించి నేనే చెప్పేశానని మీకు కోపం రావచ్చు. చదివి తెలుసుకోవడం వేరు, డాలు పట్టుకుని అందులో నిలబడటం వేరు, ధైర్యంగా ఆడండి. డార్క్ సోల్స్‌కి కంట్రోలర్ తప్పనిసరి, కీబోర్డ్ మీద నరకం. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొంటే రెండు గంటల లోపు ఆడి నచ్చకపోతే పద్నాలుగు రోజుల్లోగా డబ్బు వెనక్కి అడగొచ్చు. జర్నీ ఆ రెండు గంటల్లోనే పూర్తయిపోతుంది, దాన్ని ఆడేసి డబ్బు వెనక్కి అడగడం మాత్రం న్యాయం కాదు.

మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేదు, వారానికి ఐదారు గంటల కన్నా ఎక్కువ ఖాళీ లేదు. హాలో నైట్ కొనిపించాను. మొన్న రాత్రి పదకొండింటికి ఫోన్.

"అన్నయ్యా, ఏదో పచ్చటి చోటుకి వచ్చా. అంతా ఆకులు, తీగలు. ఎక్కడున్నానో అర్థం కావట్లేదు, మ్యాప్ కూడా లేదు."

"నేలమీద కాగితాలేమైనా కనిపిస్తున్నాయా?"

"ఆ, రెండు మూడు పడున్నాయి."

"సౌండ్ పెంచు. రాగం వినపడుతోందా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వినపడుతోంది అన్నయ్యా. ఎడమ వైపునుంచి."

"అటే పో."